కక్షిదారు భాష

టెక్సాసు రాష్ట్రమున కాపురముండు ఒక సోదరి గతమాసమున మాకొక జాబు వ్రాసిరి. వారి కుమార్తె యచ్చటనే పుట్టి పెరిగి, యిప్పుడు న్యాయశాస్త్రము చదువుచున్నదట. "పగలెల్ల చట్టములు చదివి యలసి వచ్చిన పిల్ల, భోజనమైన పిదప మరల దీపము ముందు గూర్చుండి స్పానిషు మాటలు వల్లించుచున్నది. ఇంట తెలుగు వచ్చును. బడిలో ఇంగ్లీషు వచ్చెను. ప్లీడరు పనికి ఇంగ్లీషు చాలదా? ఈ మూడవ భాష యెందులకు? ఒకవేళ నేర్చినను, నడుమ వచ్చిన భాషతో నొరుల వ్యాజ్యము నడపుట క్షేమమా?" అని వారి ప్రశ్న.

ఇందు రెండు ప్రశ్నలు కలవు. పిల్ల స్పానిషు నేర్వవలెనా యనునది మొదటిది. నేర్చిన భాషను ఎంతవఱకు నమ్ముకొనవచ్చుననునది రెండవది. రెండవదానిని చాలమంది యడుగనే యడుగరు. ఆ తల్లి యడిగినందులకు మేము సంతోషించి, మన చదువరులందఱికిని పనికివచ్చునని యీ నెల యీ విషయమునే తీసికొంటిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇంట స్పానిషు మాటలాడువారు నాలుగుకోట్లకు మించియున్నారు. వీరందఱును నిన్న మొన్న వచ్చినవారనుకొనుట పొరపాటు. టెక్సాసు 1836 వఱకు మెక్సికో దేశములోని భాగము. 1848 సంవత్సరపు సంధితో కాలిఫోర్నియా మొదలుగాగల విశాలభూములు అమెరికా వశమయ్యెను. పోర్టోరికో ద్వీపవాసులు 1917 నుండి అమెరికా పౌరులే. కావున ఆ దేశపు పెక్కు సీమలలో ఇంగ్లీషుకంటె ముందుగా వినబడిన భాష స్పానిషు. అయినను కోర్టులో వ్యవహారము సామాన్యముగా నడుచునది ఇంగ్లీషుననే.

ఇంగ్లీషు రాని రైతు జిల్లాకోర్టులో నిలుచుండి, తన పొలమును గూర్చియే రెండు పక్షముల వకీళ్లు ఇంగ్లీషున వాదించుకొనుచుండగా, ఒక ముఖమునుండి యింకొక ముఖమునకు జూచుచు, గెలిచితినో యోడితినో తెలియక నిలుచుట మన దేశమున నెఱిగినదే. పొలము పోవుట పెద్ద నష్టమే. ప్రాణమునకో స్వేచ్ఛకో ముప్పు వచ్చిన వేళ అట్లు నిలువవలసివచ్చిన నెట్లుండును?

రొజేలియో నెగ్రోన్ అను నతనికి అట్లే జరిగెను. అతడు పోర్టోరికోనుండి న్యూయార్కు రాష్ట్రమునకు కూలిపనికై వచ్చిన యువకుడు. ఆఱవ తరగతి వఱకు చదివినవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్కయు రాదు. 1966లో తోడి కూలివాని హత్య చేసెనను నేరముపై అతనిని పట్టుకొనిరి. మఱుసటి యేట విచారణ జరిగెను. ప్రభుత్వము అతనికి వకీలును నియమించెను గాని, ఆ వకీలుకు స్పానిషు రాదు. విచారణకు ముందు వారిద్దఱును దుబాసి మూలమున మాటలాడినది యిరువది నిమిషములు మాత్రమే. ప్రభుత్వపక్షపు సాక్షులు పదునలుగురిలో పన్నిద్దఱు ఇంగ్లీషున చెప్పిరి. దుబాసి యొకరు కోర్టున నుండిరి, ప్రభుత్వపక్షము పిలిపించుకొన్నవారు. నెగ్రోన్ చెప్పినది వారు ఇంగ్లీషు చేసిరేగాని, అతనికి వ్యతిరేకముగా సాక్షులు చెప్పుచున్నది అప్పటికప్పుడు అతనికి చెప్పలేదు. విరామకాలమున కొద్ది నిమిషములు సంగ్రహముగా చెప్పి యూరకుండిరి. అతనికి ఇరువదియేండ్లు మొదలు యావజ్జీవము వఱకు శిక్ష పడెను.

1970లో అప్పీలు న్యాయస్థానము ఈ విచారణ న్యాయసమ్మతము కాదని తీర్పు చెప్పెను. తన్ను గూర్చి యేమి చెప్పుచున్నారో ముద్దాయికి తెలియనిచో, అతని దేహము కోర్టులో నున్నను అతడచ్చట లేనట్లే యని యా తీర్పు సారాంశము. దేశమునందలి పెక్కు న్యాయస్థానములు దీనిని గుర్తించెను. 1978లో ఫెడరలు కోర్టులలో దుబాసీలను గూర్చి యొక చట్టము పుట్టెను. స్పానిషు దుబాసీలకు వ్రాతపరీక్షయు, నోటిపరీక్షయు నేర్పఱచిరి. ఎదుటివారు మాటలాడుచుండగనే వెంటవెంట తర్జుమా చేయుట, ఆగి ఆగి చేయుట, కాగితము చూచి చదువుచునే భాష మార్చుట అను మూడు విద్యలందును వారిని పరీక్షింతురు. చిన్ననాటినుండి రెండు భాషలును ఇంట మాటలాడినవారు సయితము అనేకులు ఇందు తప్పుచుందురు.

"అట్లయిన కోర్టులో దుబాసి యున్నారు గదా, వకీలు స్పానిషు నేర్వనేల?" యని సోదరీమణులు అడుగవచ్చును. వ్యాజ్యము కోర్టులో పుట్టదు; వకీలుగారి గదిలో, కక్షిదారు మొదటి మాట చెప్పినపుడు పుట్టును. ఆ మొదటి మాట వినుటకే భాష కావలెను.

భర్త చేతి దెబ్బలు తిన్న యొక స్త్రీ వకీలు నొద్దకు వచ్చినదనుకొందము. ఆమెకు స్పానిషు తప్ప వేఱు భాష రాదు. ప్రక్కన మాట కలుపుటకు ఎవరు వచ్చియుందురు? చాలసారులు పదియేండ్ల కొడుకు. ఒక్కొక్కసారి ఆ భర్తయే. కొడుకు నెదుట ఏ తల్లి తన దేహముపైనున్న గాయములను గూర్చి చెప్పును? చెప్పినను, ఆ పసివాడు ఏ మాటలతో వేఱొకరికి చెప్పును? ఇక భర్తయే దుబాసి యయినచో వేఱుగ చెప్పవలసిన పనిలేదు. 1994లో ఆ దేశమున చేసిన చట్టమువలన, భర్త అమెరికా పౌరుడుగాని శాశ్వతనివాసపు హక్కు గలవాడుగాని యయి, భార్యను హింసించినచో, ఆమె అతని సాయము లేకయే, అతనికి తెలియకయే, తన నివాసపు హక్కుకై తానే అర్జీ పెట్టుకొనవచ్చును. ఈ సంగతి ఆమెకు చెప్పువారెవరు? భర్తను వెలుపల గూర్చుండుమని మర్యాదగా పంపి, తలుపు వేసి, "అమ్మా, ఇచ్చట నీవును నేనును మాత్రమే యున్నాము. నీవు చెప్పినది నీ యనుమతి లేక బయటికి పోదు" అని యామె భాషలో నాలుగు మాటలనగల వకీలు దొరకినచో, ఆ స్త్రీ బ్రతుకు దారి మారును. మన యీ సోదరి కుమార్తె రాత్రి దీపము ముందు వల్లించుచున్నది ఇట్టి నాలుగు మాటలే కావచ్చును.

భాష రానివారిని మోసగించువారును కలరు. లాటిను అమెరికా దేశములలో "నొతారియో పుబ్లికో" యనగా న్యాయశాస్త్రము చదివి పట్టము పొందిన గౌరవనీయుడు. అమెరికాలో "నోటరీ పబ్లికు" అనగా సామాన్యముగా సంతకమునకు సాక్షిగా నుండి ముద్రవేయువాడే. న్యాయసలహా యిచ్చుటకు అతనికి హక్కు లేదు. పేరు ఒక్కటే గనుక కొందఱు ధూర్తులు "నొతారియో" అని బల్ల కట్టి, వలసవచ్చినవారి సొమ్ము గుంజుకొని, తప్పు కాగితములు దాఖలుచేసి, వారిని దేశమునుండి పంపివేయించుకొను దశకు తెత్తురు. టెక్సాసు, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములు ఆ స్పానిషు పేరుతో ప్రకటించుకొనుటను చట్టముచే నిషేధించినవి. నేరవిచారణలో బీదవానికి ప్రభుత్వము వకీలు నియమింపవలెనని 1963లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను గాని, దేశమునుండి పంపివేయు విచారణలలో అట్టి హక్కు లేదు. అందువలననే బీదలు ఈ ధూర్తుల చేత చిక్కుచున్నారు.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. నడుమ నేర్చిన భాషను నమ్మవచ్చునా?

ఓరెగాను రాష్ట్రమున నొక పోలీసు ఉద్యోగి, పట్టుబడిన వానికి అతని హక్కులను స్పానిషున చెప్పెను. "నీకు సొమ్ము లేనిచో ఉచితముగా వకీలు దొరకును" అని చెప్పవలసియుండెను. ఇంగ్లీషున "ఉచితము" అనుటకును "స్వేచ్ఛ" అనుటకును మాట యొక్కటే. స్పానిషున ఉచితమునకు "గ్రాతిస్", స్వేచ్ఛగా తీరికగా నుండుటకు "లిబ్రే". ఆ యుద్యోగి "లిబ్రే" అనెను. విన్నవానికి, తీరికగానున్న వకీలెవరైన నుండినచో దొరకవచ్చునను నర్థము తోచును. 2013లో అప్పీలు న్యాయస్థానము ఆ హెచ్చరిక చెల్లదనెను. ఆ యొక్క మాట మూలమున వ్యాజ్యము తలక్రిందులయ్యెను. ఆ యుద్యోగి బొత్తిగా స్పానిషు రానివాడయిన దుబాసిని పిలిచియుండును. కొంచెము వచ్చుటయే చిక్కు తెచ్చిపెట్టెను.

వైద్యశాలలోనిదయినను, తుదకు న్యాయవాదుల యొద్దకే చేరిన మఱియొక ఉదంతము చెప్పుదుము. 1980లో ఫ్లోరిడా రాష్ట్రమున పదునెనిమిదేండ్ల బాలుడొకడు స్మృతి తప్పి పడిపోయెను. ఇంటివారు "ఇంతోక్సికాదో" అనిరి. తిన్నది సరిపడక చెడిపోయెనని వారి భావము. విన్నవారు ఇంగ్లీషులోని యటువంటి మాటను తలచుకొని, మత్తుమందు మ్రింగెనని చికిత్స చేసిరి. నిజమునకు మెదడులో నెత్తురు చిందినది. తెలియువఱకు కాలము మించిపోయెను. బాలుడు బ్రదికెను గాని కాలుసేతులు నాలుగును పడిపోయెను. అతని జీవితకాలపు పోషణకై కుదిరిన రాజీ 7 కోట్ల 10 లక్షల డాలర్ల వఱకు నుండెను. వచ్చిన సొమ్ముతో కాలుసేతులు రావు.

వకీలు చెవికి ఉరులవంటి మాటలు ఇంకను పెక్కు. "మొలెస్తార్" అనగా విసిగించుట. ఇంగ్లీషులో దానిని బోలిన మాటకు స్త్రీనో పిల్లనో చెఱచుటయను ఘోరార్థము. "అతడు నన్ను విసిగించెను" అని పిల్ల చెప్పినదానిని తప్పుగా వ్రాసికొనినచో నిరపరాధి చెఱసాల పాలగును. "దెమాందా" అనగా దావా. గద్దించి యడుగుట కాదు. "సెంతెన్సియా" అనగా తీర్పు. శిక్ష మాత్రమే కాదు. "ఎంబరసాదా" అనగా గర్భవతి; సిగ్గుపడినదని వ్రాసికొనినవారు కలరు. మాట ఇంగ్లీషు చుట్టమువలె కనబడినపుడే ఆగి యడుగవలెనని చెప్పుట కివి చాలును.

పైగా స్పానిషు ఒక్క దేశపు సొత్తు కాదు. "గ్వాగ్వా" అనగా క్యూబాలోను పోర్టోరికోలోను బస్సు. చిలీలోను పెరూలోను చంటిపిల్ల. "గ్వాగ్వా నెదుట పడితిని" అని సాక్షి చెప్పినపుడు, అతడే దేశపువాడో యెఱుగని వకీలు ఏమి వ్రాసికొనును? మన తెలుగునందును సర్కారు మాట రాయలసీమవారికిని, తెలంగాణపు మాట సర్కారువారికిని ఒక్కొక్కచో వేఱుగ తోచుచుండలేదా? గ్వాతెమాలానుండి వచ్చినవారిలో కొందఱికి స్పానిషే రాదు; మామ్, కిచే మొదలగు ప్రాచీనభాషలే వారి యింటిభాషలు. ఎదుట నున్న యధికారి స్పానిషున నేమడిగినను మర్యాదకై "సీ, సీ" యని తలయూపుచుందురు. ఆ తలయూపును "ఔను" అని వ్రాసికొనుట యెంతటి యన్యాయము!

పేరులందును జాగ్రత వలయును. స్పానిషు సంప్రదాయమున పేరు తరువాత తండ్రి యింటిపేరు, దానివెనుక తల్లి యింటిపేరు వచ్చును. పెండ్లియైనను సామాన్యముగా స్త్రీ తన యింటిపేరు వదలుకొనదు. ఇంగ్లీషు కచేరీలలో తుదిమాటయే యింటిపేరని వ్రాసికొందురు గనుక ఒక్క మనిషికే రెండు పేరులతో కాగితములు పుట్టును. ఇంటిపేరు ముందు వ్రాసికొను మన తెలుగువారికి ఈ బాధ బాగుగ తెలియును.

ఇన్ని చిక్కులు చెప్పితిమని ఆ చిన్నది వెనుదీయనక్కఱలేదు. తెలుగు నోటికి స్పానిషు సులువుగా పలుకును. వారి త, ద లు మన త, ద ల వలెనే పంటికి తగులును. ఇంగ్లీషువారికి కష్టమగు ఞకారము మన వర్ణమాలలోనే కలదు. "పెరో" యనగా "కాని"; "పెఱ్ఱో" యనగా కుక్క. రేఫకు శకటరేఫకు భేద మెఱిగిన భాష మనది; ఆ తేడా మనకు నవ్వు పుట్టించునేగాని భయము పుట్టింపదు. వ్రాసినది వ్రాసినట్లు చదువుదురు. హకారము మాత్రము పలుకరు. "తూ" అనగా నీవు, "ఉస్తెద్" అనగా మీరు. పెద్దవారిని, క్రొత్తవారిని "ఉస్తెద్" అనవలెనని మన పిల్లకు వేఱుగ నేర్పవలెనా? ఒకే మాటతో అందఱిని పిలుచు ఇంగ్లీషువారికే యది కష్టము. ఇక కష్టమైనది "ఉండు" అను క్రియ. దానికి "సెర్" అనియు "ఎస్తార్" అనియు రెండు రూపములు. స్వభావమునకు మొదటిది, అప్పటి స్థితికి రెండవది యని స్థూలముగా చెప్పుదురు. కోర్టులో ఈ తేడా చాల పెద్దది.

అమెరికా ప్రభుత్వము తన విదేశోద్యోగులకు భాషలు నేర్పు బడిలో స్పానిషును సులభమైన భాషలలో జేర్చి, దానికి 600 మొదలు 750 గంటల పాఠము వలయునని లెక్క వేసియుండిరి. దినమున కొక గంట చొప్పున రెండేండ్లు. వంటయు చదువును చూచుకొనుచు హిందీ నేర్చిన మన సోదరీమణులు ఎందఱు లేరు? వారికి తెలిసినంత ఓర్పే యీ చిన్నదానికిని వలయును.

నేర్చు క్రమమును గూర్చి మాకు తోచినది వ్రాయుచున్నాము. మొదట వ్యాకరణముతో పాటు, కక్షిదారు వచ్చిన దినమున తప్పక అడుగు ప్రశ్నలు కంఠస్థము చేయవలెను: పేరేమి, ఏ దేశము, ఇంట మాటలాడు భాష యేది, ఇంటికి జాబు పంపుట క్షేమమా, కోర్టు వాయిదా యెన్నడు. రెండవది, స్పానిషున అచ్చువేసిన కోర్టు కాగితములను ఇంగ్లీషు కాగితములతో ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. దావా, జామీను, వాఙ్మూలము, వాయిదా మొదలగు మాటలు అందు దొరకును. మూడవది, దినమున కొంతసేపు వేర్వేఱు దేశములవారి స్పానిషు రేడియో వినవలెను. నాల్గవది, ఉచితముగా బీదలకు సాయము చేయు న్యాయసహాయ కేంద్రమున పెద్ద వకీలు ప్రక్కన గూర్చుండి వినవలెను. ఐదవది అన్నిటికంటె ముఖ్యము: తాను చెప్పినది కక్షిదారు నోటనే మరల చెప్పించుకొనవలెను. "తెలిసినదా?" అని యడిగిన, తెలియనివారును తెలిసినదందురు. "నేను చెప్పినది మీ మాటలలో చెప్పుడు" అనినచో తప్పు బయటపడును.

ఎచ్చట ఆగవలెనో తెలిసికొనుట యీ విద్యలో సగము. పలుకరించుటకు, ధైర్యము చెప్పుటకు, కథ వినుటకు తన స్పానిషు చాలును. వాఙ్మూలము వ్రాయించునపుడు, నేరము ఒప్పుకొనవలెనో మానవలెనో చెప్పునపుడు, రాజీ కాగితముపై సంతకము పెట్టించునపుడు పరీక్షయిచ్చిన దుబాసిని పిలువవలెను. కోర్టులో తానే వకీలును తానే దుబాసియు కారాదు. రెండు పనులు ఒక్క నోట జరుగవు. అమెరికా వకీళ్ల సంఘము 2021లో తన 500వ అభిప్రాయమున ఈ సంగతినే విశదపఱచినది. కక్షిదారునకు అర్థమగునట్లు చెప్పుట వకీలు విధి; భాష కలియనిచో దుబాసినో తగిన సాధనమునో సమకూర్చుకొనుటయు వకీలు విధియే; బంధువులను దుబాసీలుగ పెట్టుకొనునపుడు మిక్కిలి జాగ్రత వహింపవలెను. భాష కొంత నేర్చిన వకీలుకు ఇంకొక లాభము కలదు. దుబాసి ఒక మాట జాఱవిడిచినచో ఆమె చెవికి అది తట్టును. "ఆ మాట మరల అడుగుడు" అనగలదు. నెగ్రోన్ ప్రక్కన అట్టి వకీలు ఒక్కరు కూర్చున్నచో ఆ విచారణ మొదటి దినముననే ఆగియుండెడిది.

అమ్మా, మీ రెండు ప్రశ్నలకును మా జవాబిది. పిల్లను నేర్వనిండు. రాత్రి పది దాటినను దీపము ఆర్పుమని కోపపడకుడు. ఒక గ్లాసు పాలు ఆమె ప్రక్కన పెట్టి పొండు. అయితే ఒక్క మాట మాత్రము ఆమెకు చెప్పుడు. "నాకు ఈ మాట సరిగా తెలియదు, దుబాసిని పిలుతును" అనుటకు ఎన్నడును సిగ్గుపడవలదని చెప్పుడు. మీ అత్తగారో మీ తల్లిగారో మిమ్ము జూడ ఆ దేశమునకు వచ్చి, కర్మవశమున ఒక దినము కోర్టు మెట్లెక్కవలసివచ్చినచో, వారి తెలుగును వినగల వకీలు దొరకవలెననియు, ఆ వకీలు తెలియని మాటను తెలిసినట్లు నటింపకుండవలెననియు మీరు దేవుని వేడుకొందురు గదా. స్పానిషు తల్లులును తమ బిడ్డల కొఱకు అట్లే వేడుకొనుచున్నారు. మీ కుమార్తె మొదటి కక్షిదారు మాట వినిన దినమున, ఆ సంగతి మాకొక జాబు వ్రాయుడు. ఈ పుటలోనే ప్రకటింతుము.